కొనకుండా చీరలు చూసే విద్య

మా ఆఫీసులో సోమవారం పొద్దున్న "నిన్నంతా ఏం చేశారు?" అని ఎవరినడిగినా ఖర్చే చెబుతారు. గోపాల్‌పూర్‌లో రూము తీసుకున్నామంటారు. భువనేశ్వర్ వెళ్లి షాపింగ్ మాల్ అంతా తిరిగామంటారు. ఇంటికే బిర్యానీ తెప్పించుకున్నామంటారు. "మరి ఏం చూశారు, ఏం బాగుంది?" అని రెండో ప్రశ్న వేస్తే మొహాలు చూసుకుంటారు. ఆ రెండో ప్రశ్న వేసే దురలవాటు నాకుంది. అందుకే మధ్యాహ్నం నా పక్కన డబ్బా విప్పేవాళ్లు తక్కువ.

నేనేదో తీరిక గడపడం పెద్ద తెలిసినదాన్నని కాదు. నా ఆదివారాలు ఫోనులో అక్కర్లేని గిన్నెలకీ, తొడగని జాకెట్లకీ ఆర్డర్లు పెట్టడంతోనే గడిచిపోయేవి. పైసా పెట్టకుండా పొద్దు గడిపేవాళ్లంటే పిసినారులని నా లెక్క. ఆ లెక్కలో మొదటి పేరు మా అత్తయ్యదే.

మా అత్తయ్యది ఇచ్ఛాపురం అవతల చిన్న పల్లెటూరు. పెళ్లయ్యాక మామయ్యగారి రైల్వే గూడ్సు ఆఫీసు ఉద్యోగం ఆవిణ్ణి ఒడిశాలోని బరంపురం తెచ్చింది. మామయ్యగారు పోయాక కూడా ఊరు మారలేదు, ఆవిడ అలవాటూ మారలేదు. వారానికి రెండు మధ్యాహ్నాలు, అన్నం తిని కాసేపు నడుం వాల్చి, సరిగ్గా రెండింటికి గొడుగు పట్టుకుని గేట్ బజార్‌కి నడిచి వెళ్తుంది. అక్కడొక పట్టుచీరల కొట్టుంది. అందులో కూర్చుని చీరలు చూస్తుంది. నాలుగున్నరకి లేచి ఇంటికొచ్చేస్తుంది. ఈ ముప్ఫై ఏళ్లలో ఆ కొట్లో ఆవిడ ఒక్క చీర కూడా కొనలేదు. చేతిలో పర్సు కూడా ఉండదు.

కాపురానికొచ్చిన కొత్తలో ఇది తెలిసి నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఊరుకునే స్వభావం కాదు కదా, అడిగేశాను.

"కొననప్పుడు విప్పించడం ఎందుకత్తయ్యా? పాపం ఆ కొట్టువాళ్ల ప్రాణం తియ్యడం కాకపోతే!"

"విప్పిందాన్ని నానే మడతేస్తాను కదే. నీలాగ పీకి పందిరేసి ఎల్లిపోతానేటి?"

"మడతేసినంత మాత్రాన సరిపోతుందా?"

"పట్టు ఎలాగ మడతెయ్యాల్నో నీకు తెల్సేటి? తెల్సాక మాటాడు."

ఆ మాటకి మండిపోయి నెల్లాళ్లు మాట్లాడలేదు. చాలా ఏళ్ల తర్వాతే అసలు సంగతి తెలిసింది. అదీ ఆవిడ చెప్పలేదు, కొట్టు యజమానే ఒకసారి దారిలో కనబడి చెప్పాడు. పట్టుచీర అలమరలో ఏడాది పాటు ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడి దారం చిట్లుతుంది. జరీ ఉన్నచోట ఇంకా తొందరగా. కాబట్టి ఎవరో ఒకరు విప్పి, గాలి తగలనిచ్చి, పాత గీత మీద పడకుండా కొత్త మడత పెడుతుండాలి. కూలికి పెట్టుకున్న కుర్రాళ్లకి అంత ఓపిక ఉండదు. మా అత్తయ్య చూసిన ప్రతి చీరా కొత్త మడతలో అలమర ఎక్కుతుంది. "మాఉసి చెయ్యి పడిన చీర నాకు పాడవ్వదండీ," అన్నాడతను. మాఉసి అంటే ఒడియాలో పిన్ని. ముప్ఫై ఏళ్లుగా అతను ఆవిణ్ణి అలాగే పిలుస్తాడు.

అడక్కుండా పనిచేసి పెట్టడం ఒకటి. కొన్ని పనులు చెయ్యకుండా ఉండడం ఇంకొకటి. ఆవిడ ఏ చీర ధరా అడగదు. ధర అడిగితే బేరం మొదలైనట్టు, బేరం మొదలెట్టి లేచిపోతే అవమానించినట్టు. పెళ్లిళ్ల నెలల్లో ఆ ఛాయలకి వెళ్లదు. కొట్లో జనం ఉంటే గుమ్మంలోంచే తిరిగొచ్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, బోణీ కాకుండా గుమ్మం ఎక్కదు. రోజు మొదట వచ్చిన మనిషి ఒట్టిచేతులతో తిరిగి వెళ్లిపోతే ఆ రోజు వ్యాపారం అంతేనని మా బజారంతా నమ్ముతుంది. నేను నమ్మను. నేను నమ్మకపోతే బజారుకి పోయేదేమీ లేదు.

కిందటి ఆషాఢంలో అత్తయ్య కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాం. నల్లద్దాలు పెట్టారు. దుమ్ములో తిరగొద్దన్నారు. డాక్టరు చెప్పింది నెలరోజులే. కానీ మా ఆయన దాన్ని జీవితకాలం చేసేశాడు. రోడ్డు మీద ఆటోల హడావుడి, ఈ వయసులో పడితే ఎవరు చూస్తారు, ఇంక ఒంటరిగా వెళ్లేది లేదు అని తేల్చేశాడు. అత్తయ్య ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నాకు నచ్చనిది అదే. ఎదురు చెప్పే మనిషి చెప్పకుండా ఊరుకుంటే ఇంట్లో ఏదో చచ్చిపోయినట్టుంటుంది.

మొదటి వారం తన పెట్టెలోని ఆరు చీరలూ మంచం మీద వేసుకుని విప్పింది, మడతేసింది. రెండో వారం మళ్లీ ఆ ఆరే. మూడో వారం పెట్టె తియ్యలేదు. రెండు కొట్టేసరికి లేచి కూర్చునేది. గోడకి ఆనుకుని వీధిలోకి చూసేది. నాలుగున్నరకి లేచి దీపం దగ్గరికి వెళ్లేది. భాద్రపదం వచ్చేసరికి నేను తట్టుకోలేకపోయాను.

"మీ అమ్మకి కన్ను బాగు చేయించింది గోడ చూడ్డానికా?" అని అడిగాను ఆయన్ని, అన్నం వడ్డిస్తూ.

"మొదలెట్టేవా? ఆవిడేమీ అడగలేదు కదా."

"అడగనివాళ్లకి అన్నం పెట్టడం మానేస్తావా?"

"ఎవరైనా తోడుంటే ఎల్లమను. నానొద్దన్నానేటి? ఒంటరిగా మాత్రం ఒద్దు."

తోడుగా నేనే వెళ్తానన్నాను. గెలిచానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆఫీసులో పూట సెలవు అడిగితే మధ్యాహ్నం కుదరదు, పొద్దుటి పూట తీసుకోమన్నారు. సరే, పొద్దుటైతే మాత్రం ఏం పోయింది? కొట్టు కొట్టే, చీరలు చీరలే.

అత్తయ్యకి ఆ మాట చెబితే చేతిలోని చిక్కుడుకాయ అలాగే పట్టుకుని నావైపు చూసింది.

"పొద్దుటేలా?"

"పదిన్నరకి వెళ్దాం. ఎండ కూడా అంత ఉండదు."

"బోణీ అయిపోయుంటాదంటావా?"

"పదిన్నర దాటాక ఇంకా బోణీ ఏమిటత్తయ్యా! గేట్ బజార్లో తెల్లారేసరికే సగం ఊరుంటుంది."

ఆవిడ నమ్మింది. నమ్మడానికి సిద్ధంగా ఉంది కాబట్టి నమ్మిందని ఇప్పుడనిపిస్తుంది. రెండు నెలల ఆకలి మరి. నేను అబద్ధం ఆడలేదు, కానీ తెలుసుకుని చెప్పలేదు. కూరల మార్కెట్టు వేళల్ని పట్టుచీరల కొట్టుకి అంటగట్టాను.

కొట్టు యజమాని మమ్మల్ని చూసి గద్దె దిగి గుమ్మం దాకా వచ్చాడు. "ఆసంతు మాఉసీ, బసంతు! రండి, కూర్చోండి. కన్ను నయమైందా? మీరు రాక అలమరలన్నీ అలిగి కూర్చున్నాయి," అంటూ తెల్లదుప్పటి పరిచిన అరుగు మీద కూర్చోబెట్టాడు. కుర్రాళ్లని పిలవకుండా తనే చీరలు దించాడు. ఒకటి, రెండు, అలా తొమ్మిది చీరలు పరిచాడు. పెళ్లిళ్లు లేని భాద్రపదంలో పట్టుచీరల వ్యాపారం ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. వీధిలో జనం ఉంటే కొట్లో కూడా ఉన్నట్టే అనుకున్నాను.

అత్తయ్య నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఆ తర్వాత కాసేపు జరిగింది చూడ్డానికి ఎంత డబ్బైనా పెట్టొచ్చు, అలాంటిది ఊరికే దొరికింది నాకు. ఆవిడ ఒక చీరని రెండు చేతులతో ఎత్తి, మొహానికి దగ్గరగా పెట్టుకుని, మళ్లీ దూరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండోది మూసి చూసింది. ఆపరేషన్ అయిన కంటికీ కాని కంటికీ రంగు వేరుగా కనబడుతోందట.

"ఇదేటే? ఈ కన్నుకి కాఫీ రంగు. ఈ కన్నుకి వంకాయ పువ్వు."

"అది వంకాయ రంగే అత్తయ్యా."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

"ఓలమ్మో! ఇన్నాళ్లూ ఎన్నిటిని కాఫీ రంగు అని ఒగ్గేసినానో!" అని నవ్వింది. ఆవిడ అలా నోరంతా తెరిచి నవ్వగా చూడ్డం నాకు అరుదు. నీలం దగ్గర ఆగింది. తెలుపు దగ్గర ఆగింది. అంచు మీద వరసగా గుడి గోపురాల్లా లేచే కుంభాలని వేలితో ఒక్కొక్కటీ తాకుతూ వెళ్లింది. ఒక్క కుంభం నేతలో కాస్త వంగితే, "ఇక్కడ నేసినోడికి ఎవరో మాట సెప్పేరు, సూపు పక్కకి ఎల్లింది," అంది. యజమాని వంగి చూసి తలూపాడు. నేను చదివిన చదువులో ఒక వస్తువుని ఇంతసేపు చూడమని ఎవరూ నేర్పలేదు. చూసి, ధర అడక్కుండా, నాకు కావాలి అనుకోకుండా, మళ్లీ దాని చోట దాన్ని పెట్టడం అసలే నేర్పలేదు.

తొమ్మిదో చీర విప్పుతూ తలెత్తింది. ఎదురుగా గోడకి లక్ష్మీదేవి పటం. రోజు మొదటి అమ్మకంలో వచ్చిన నోటు ఆ పటం కింద పెట్టి సాయంత్రం దాకా కదపడు అతను. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ గుమ్మంలోంచి ముందు చూసేది ఆ చోటే. ఇవాళ నల్లద్దాల్లోంచి కనబడలేదు. అద్దాలు తీశాక చూపంతా చీరల మీదే.

పటం కింద ఏమీ లేదు.

అత్తయ్య చేతులు ఆగిపోయాయి. యజమాని వైపు చూసింది. అతను గబుక్కున చూపు తిప్పుకుని కొలకర్ర సర్దాడు. విసుక్కున్నా బాగుండేది. బోణీ కాకుండా వచ్చి తొమ్మిది చీరలు విప్పించినా, మాఉసి కదా అని నోరు మూసుకుని పరిచాడు. అతను అలా ఓర్చుకోవాల్సి వచ్చిందంటే ఆ కొట్లో ఆవిడ చోటు పోయినట్టే. ఇంకోసారి వస్తే "రండి" అంటాడు, కానీ ఈ రోజుని మర్చిపోడు. అది నాకే అర్థమైతే ఆవిడకి అర్థం కాకుండా ఉంటుందా?

నేను పర్సు తీశాను. ఇందులో ఇంత గొడవేముంది, ఏదో ఒక తక్కువ ధర చీర కొనేస్తే తీరిపోతుంది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు.

"లోపలెట్టు."

"నేను కొంటాను, మీరు కాదు కదా."

"నువ్వు కొంటే నాను కొన్నట్టే. ఇయాల కొన్నాననుకో, ఎల్లుండి నానొస్తే కొంటాదేమో అని సూస్తాడు. కొనకపోతే ఎందుకు కొన్లేదంటాడు. నాను ఇక్కడ కొనేదాన్ని కాను, సూసేదాన్ని. అది పోతే నాకింక ఈ గుమ్మం లేదు."

"మరేం చేద్దాం?"

"కూకుందాం."

"ఎంతసేపు?"

"బోణీ అయ్యీవరకు. లేచి ఎల్తేనే కదేటి ఒట్టిసేతుల్తో ఎల్లినట్టు? నాను ఎల్లలేదు కదా ఇంకా!"

వాదనలో నాకు మించినవాళ్లు లేరనుకునేదాన్ని. పర్సు లోపల పెట్టేసి ఆవిడ పక్కన కూర్చున్నాను.

పదకొండయింది. పదకొండున్నరయింది. అత్తయ్య ఆ తొమ్మిదింటినీ మడతేసింది, ఒక్కొక్కటీ పాత గీత తప్పించి. నేను అయిదు నిమిషాలకోసారి గడియారం చూస్తూ, ఒంటిగంటకి ఆఫీసులో లేకపోతే పడే తిట్లని లెక్కపెట్టుకున్నాను. వీధిలో జనం, ఆటోలు, గోనెసంచుల బళ్లు. ఒక్కరూ మావైపు తిరగరు. యజమాని మాకోసం మొహమాటంగా నవ్వుతూ, గుమ్మం వైపు మాటిమాటికీ చూస్తున్నాడు.

పన్నెండు కావస్తుండగా ఒకాయన వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. గంజాం నుంచి బస్సులో వచ్చానన్నాడు. అక్కడ ఫ్యాక్టరీలో పని. పెళ్లయి పాతికేళ్లయిందట, భార్యకి పట్టుచీర కొనాలట. ఏ రంగు కావాలని యజమాని అడిగితే నుదురు తుడుచుకున్నాడు.

"నీకు నచ్చింది తే అంది."

"అయ్యో పాపం," అన్నాను నేను. మొగవాళ్లని పట్టడానికి అంతకు మించిన వల లేదు.

యజమాని పైఅలమరలోంచి నిండా జరీ, పెద్ద పెద్ద నెమళ్లు ఉన్న చీర దించి పరిచాడు. దీపాల కింద భగ్గుమంది. ఆయన మొహం కూడా వెలిగింది. అంతలో అనుమానం వచ్చి అత్తయ్య వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు పెద్దోరు. ఇది బాగుందా సెప్పండి."

బాగుంది అంటే అయిపోయేది. బోణీ అయ్యేది, గుమ్మం దక్కేది, నేను ఆఫీసుకి పోయేదాన్ని. యజమాని కళ్లు ఆవిణ్ణి బతిమాలుతున్నాయి. నేనైతే కాలితో తట్టాను కూడా.

"నీ ఆడమనిషి ఎలాగుంటాది బాబూ?"

"ఎలాగుంటాదేటమ్మా, ఆడమనిషి లాగే ఉంటాది."

"పొడుగా, పొట్టా?"

"మద్దినుంటాది."

"పాతికేళ్లు కాపరం సేసి మద్దినుంటాదంటాడు," అంది అత్తయ్య నాతో. "ఏం పని సేస్తాది?"

"మిషను కుడతాదమ్మా. ఊళ్లో జాకెట్లన్నీ అదే కుడతాది."

"అయితే ఇది ఒద్దు."

యజమాని చేతిలోని కొలకర్ర కింద పెట్టేశాడు.

"మిషను కుట్టే మనిషి సీర సేతికిస్తే ముందు ఎనకవైపు తిప్పి సూస్తాది. ఇది తిప్పు." ఆయన తిప్పాడు. నెమళ్ల వెనక దారాలు పోగులు పోగులుగా వేలాడుతున్నాయి. "ఆ పోగులకి గాజు తగిలితే లాగేస్తాది. నువ్వు తెచ్చేవని ఏమీ అనదు. కానీ సూస్తాది." తను మడతేసిన వాటిలోంచి ఒకటి తీసి ముందు పెట్టింది. "ఇది సూడు. ముందూ ఎనకా ఒక్కలాగే."

ఆ చీర ఒళ్లంతా సాదా. అంచు మాత్రం కుంభాలు. దీపాల కింద ముడుచుకుని కూర్చున్నట్టుంది. ఆయన మొహం వాలిపోయింది.

"ఇంత దూరమొచ్చి సాదాది పట్టుకెల్తే... ఇంకో రెండు కొట్లు సూసొస్తాను," అని లేచాడు.

యజమాని ఊపిరి నాకు వినబడింది. ఇదయితే మొదటి మనిషి ఒట్టిచేతులతో పోవడమే, అదీ మా మూలంగా. ఇప్పుడైనా మాట మార్చమని అత్తయ్య వైపు చూశాను. ఆవిడ మార్చలేదు.

"ఎల్లు బాబూ, నాలుగు కొట్లు సూస్తేనే మంచిది. ఎల్లేముందు దీన్ని ఒక్కపాలి గుమ్మంలో ఎండకి పట్టి సూడు. తర్వాత ఎల్లు."

కాదనలేక ఆయన చీర చెయ్యంత విప్పుకుని గుమ్మంలోకి నడిచాడు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు అయిన నేత అది. ఎండ పడగానే నీలం లోంచి ఆకుపచ్చ, ఆయన చెయ్యి కదిలితే ఆకుపచ్చ లోంచి మళ్లీ నీలం. ఆయన అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. తర్వాత వెనకవైపు తిప్పి, వేలితో రుద్ది చూశాడు. అప్పుడాయన భార్య ఎలా చూస్తుందో అలాగే చూస్తున్నాడని నాకు తోచింది.

"అదీ ఇలాగే సూస్తాదమ్మా," అన్నాడు గుమ్మంలోంచే. "ఇదే కట్టండి."

యజమాని నోటు కళ్లకద్దుకుని పటం కింద పెట్టాడు. అత్తయ్య ఆ నెమళ్ల చీర మడతేసి, అలమర వైపు జరిపి, అప్పుడు లేచింది.

"మాఉసీ, ఇకమీద బోణీ గీణీ చూడకండి, ఎప్పుడైనా రండి," అన్నాడతను.

"అలాగనీకు బాబూ. నా యేళకే వస్తాను."

గుమ్మం దిగి పది అడుగులు వేశాక నా మీద పడింది. "సదువుంది, ఉద్యోగముంది. కొట్టుకి యేళుంటాదని తెలీదు!" నేనూ ఊరుకోలేదు. మీరు మాత్రం వద్దనలేదు కదా అన్నాను. ఆ నెమళ్ల చీరకే సరేనంటే అరగంట ముందే బయటపడేవాళ్లం అన్నాను. "పడీవోళ్లం. మళ్లీ ఆ కొట్లో ఏ సీర సూసినా నాకు ఆ ఏలాడే పోగులే కనబడీవి," అంది. చౌరస్తా దాకా వాదించుకుంటూనే నడిచాం. నేను ఆఫీసుకి అరగంట ఆలస్యంగా వెళ్లి, చెప్పాల్సిన అబద్ధం చెప్పాను.

రాత్రి మా ఆయన ఎలా జరిగిందని అడిగితే అత్తయ్య అన్నం కలుపుతూ అంది. "ఎల్లుండి నుంచి నాను ఒక్కర్తినే ఎల్తాను."

"అమ్మా, తోడుంటే తప్ప..."

"తోడెట్టుకునే ఇయాల ముప్పైయేళ్ల గుమ్మం పోగొట్టుకోబోయేను. దీనికి కొనే సూపు. రెండు నిమిషాలు దాటితే పర్సు తీస్తాది. కన్ను బాగైంది, దారి తెల్సు. నాకింకేటి తోడు?"

ఆయన నావైపు చూశాడు, నేనేదో ఒకటి అంటాననీ, ఎప్పట్లా గొడవ ఇంకోవైపు పోతుందనీ. నేను ఆవిడకి పెరుగు వడ్డించాను.

అన్నట్టే మూడోనాడు రెండింటికి గొడుగు తీసుకుని వెళ్లింది. నాలుగున్నర దాటాక వచ్చింది. నేను ఆఫీసు నుంచి వచ్చి పప్పు పెట్టుకుంటుంటే వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, ఆ రోజు చూసిన ఒక చీర గురించి చెప్పడం మొదలెట్టింది. పసుపట, కానీ పసుపు కాదట. పండిన బొప్పాయిని కోసినప్పుడు గింజల చుట్టూ ఉండే రంగట. అంచు ఎరుపు, ఆ రెండూ కలిసేచోట దారం మందం మూడో రంగు పుట్టిందట. అదెవరూ నెయ్యలేదట, దానంతటదే వచ్చిందట.

"ఎంత ఉంటుందో అడిగారా?" అని అలవాటు కొద్దీ నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"ఆ మూడో రంగు ఎలా ఉందత్తయ్యా?" అన్నాను.

ఆవిడ పీట నాకు దగ్గరగా లాక్కుంది.